10కి 5 కలిపితే 14

తెల్లవారుజాము మూడు గంటలు. గడియ చప్పుడు కాకుండా తలుపు తీస్తున్నావు. వరండాలో రాత్రి పెట్టిన ప్రమిదలు ఎప్పుడో కొండెక్కాయి. కాలిన వత్తుల వాసన, దాని మీద టపాకాయల పొగ. సందు చివర కాళీపూజ పందిట్లో ఢాకీవాళ్లలో ఒకడికి ఇంకా నిద్ర పట్టినట్టు లేదు. పుల్లతో డోలు అంచు మీద మెల్లగా తడుతూ కూర్చున్నాడు.

ఇది లిలువా. హౌరాలో బయల్దేరిన లోకల్ బండి మొదట ఆగే స్టేషను. ఇవాళ 1995 అక్టోబరు 24, మంగళవారం, ఆశ్వయుజ అమావాస్య.

చెప్పుల్లో కాలు పెట్టేలోపే వెనక నుంచి గొంతు.

"ఏట్రా, ఎక్కడికెల్తన్నావు?"

నాయనమ్మ పడుకోలేదు. చీకట్లోనే ఆవకాయ జాడీ మీద, పెరుగు గిన్నె మీద దర్భపోచలు పెడుతోంది. శ్రీకాకుళం నుంచి ఈ రైల్వే క్వార్టర్స్‌కి వచ్చి నలభై ఏళ్లయినా గ్రహణం నాడు ఆవిడ చేసే పనులు మారలేదు. లోపలి గదిలో ఆరో నెల కడుపుతో ఉన్న అక్కకి నిన్న సాయంత్రమే చెప్పేసింది, గ్రహణం విడిచేదాకా గుమ్మం దాటొద్దని.

"డైమండ్ హార్బర్, నాయనమ్మా. మధ్యాన్నానికి వచ్చేస్తాను."

"మిద్దెక్కితే ఇక్కడ కనిపించదేటి?"

కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఇవాళ లిలువా ఆకాశంలో సూర్యుడు దాదాపు మొత్తం మూసుకుపోతాడు. ఒక్క దారప్పోగంత అంచు మిగిలిపోతుంది. నువ్వు చూడాలనుకున్నదాన్ని కనబడకుండా చేయడానికి ఆ దారప్పోగు చాలు. పూర్తిగా మూసుకుపోయే దారి ఇక్కడికి దక్షిణంగా, హుగ్లీ నది సముద్రమంత వెడల్పయ్యే చోట పోతుంది. అక్కడ ఒక నిమిషం పైచిలుకు సూర్యుడు ఉండడు. ఆ నిమిషం కోసం రెండు రైళ్లు, ఒక బస్సు.

ఉండాలా, వెళ్లాలా? నాయనమ్మ నీ చేతిలోని మూటకేసి చూస్తోంది. కాటన్ వేస్టులో చుట్టిన రెండు నల్లద్దాలు. నిన్న బాబాయ్ ఇచ్చాడు. ఒకటి ఆర్క్ వెల్డింగు ముసుగులోది, 10 నంబరు. రెండోది గ్యాస్ కటింగు కళ్లజోడులోది, 5 నంబరు.

"సూర్యుడికి 14 నంబరు గావాల. మన షాపులో అది దొరకదు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టు, 14 అవుతాది," అన్నాడు బాబాయ్.

"10కి 5 కలిపితే 15 కదా?"

"అద్దాల లెక్కలో ఒకటి తగ్గుతాది. అలగే ఉంతాది ఆ నంబర్ల లెక్క. ఇంకో మాట ఇను. ఎల్డింగు కల్లకి కొడితే రాత్రికి తెలుస్తాది, ఇసక పోసినట్టు ఉంతాది. సూర్యుడు కొడితే తెల్దు. కంటి ఎనకాల పొరకి నొప్పి తెల్దు. పొద్దున్న లేచి సూస్తే మద్దిలో నల్ల మచ్చ ఉంతాది. అది పోదు."

కొత్తలో ఆయన కళ్లకి వెల్డింగు కొట్టిన రాత్రి నీకు గుర్తుంది. కంటి మీద బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని గోడకి తల ఆన్చి తెల్లార్లూ కూర్చున్నాడు. ఆయన చెబితే వినాలి.

నాయనమ్మ ఇంకేమీ అనదు. గుప్పెడు అటుకులు కాగితంలో పొట్లం కట్టి, పట్టు విడిచాకే తినమని చెప్పి జేబులో కుక్కుతుంది.

1900లో ఈస్ట్ ఇండియన్ రైల్వే వాళ్లు పెట్టిన వర్క్‌షాపు గోడ పక్కనుంచి స్టేషనుకి నడుస్తున్నావు. ఒక్కసారి తలెత్తు. నడినెత్తికి కాస్త పడమరగా పిల్లల కోడి. అదేలే, కృత్తికలు. రేపటి నుంచి కార్తీకం, ఆ నెలకి పేరిచ్చిన చుక్కలివే. ఆరో ఏడో లెక్కపెట్టగలిగావు. ఉత్తరంగా పసుపుపచ్చగా మెరుస్తున్న పెద్ద చుక్క బ్రహ్మహృదయం. ఆ చుక్కలన్నీ నీ మీద ఎక్స్‌రేలు కురిపిస్తున్నాయని ఇప్పుడెవరైనా చెబితే నవ్వి ఊరుకుంటావు. పద, బండి వస్తోంది.

హౌరా. బ్రిడ్జి మీద చల్లటి గాలి. సియాల్దాకి బస్సు. సౌత్ సెక్షన్‌లో డైమండ్ హార్బర్ లోకల్ ప్లాట్‌ఫాం మీదికి రాకముందే నిండిపోయింది. తలుపుల దగ్గర మనుషులు గెలల్లా వేలాడుతున్నారు. దీన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్తావా? అది ఆలస్యమైతే? సూర్యుడు టైంటేబుల్ మార్చుకోడు. ఎక్కు. ఒక కాలు మోపడానికి చోటుంటే చాలు. జేబులో అద్దాలు పగలకుండా చేయి అడ్డం పెట్టుకో.

బాలీగంజ్, జాదవ్‌పూర్ దాటాయి. బరుయిపూర్‌లో కాస్త జనం దిగేసరికి కిటికీ పక్కన ముప్పావు వంతు సీటు దొరికింది. ఎదురుగా సన్నగా, గొడుగుతో, ఒళ్లో మడతపెట్టిన తెల్ల దుప్పటితో ఒక పెద్దాయన. బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడట. అందరూ ఆయన్ని మాస్టర్‌మొశాయ్ అంటున్నారు. నువ్వూ అలాగే అంటావు.

"ఏం పని చేస్తావు?" హిందీలో అడిగాడు.

"లిలువా వర్క్‌షాపు. ట్రైన్ లైటింగ్. డైనమోలు బాగుచేస్తాను."

ఆయన ముందుకి వంగాడు. "డైనమోలా! అయితే నువ్వే నాకు చెప్పాలి. పెట్టె కింద డైనమోలో మొదట కరెంటు ఎలా పుడుతుంది?"

నీకది నోటికొచ్చు. ఇరుసుకి పుల్లీ, పుల్లీకి బెల్టు, బెల్టుకి డైనమో. చక్రం తిరిగితే అదీ తిరుగుతుంది. బండి ఆగితే లైట్లు బ్యాటరీ మీదికి పోతాయి. "పోల్స్‌లో కాస్త అయస్కాంతం ఎప్పుడూ మిగిలే ఉంటుంది మాస్టర్‌మొశాయ్. తిరగడం మొదలుపెడితే ఆ కాస్తతోనే కాస్త కరెంటు పుడుతుంది. ఆ కరెంటు పోల్స్ చుట్టూ ఉన్న చుట్టలోకి వెళ్లి అయస్కాంతాన్ని పెంచుతుంది. పెరిగిన అయస్కాంతం ఇంకా కరెంటు ఇస్తుంది."

"సూర్యుడి లోపలా అంతే," అంటాడాయన. "తీగ లేదు, బెల్టు లేదు. కరెంటు మోసే వాయువే మరుగుతూ, తిరుగుతూ ఉంటుంది. అదే తీగ, అదే ఇరుసు."

ఎంత జోరుగా తిరుగుతాడు?

"నడుం దగ్గర 25 రోజులకో చుట్టు. ధ్రువాల దగ్గరికి పోతే 35 రోజుల దాకా పడుతుంది. గట్టి ముద్ద కాదుగా, ఒక్క తీరుగా తిరగడానికి. నడుం ముందుకి పోతుంది, తలా కాళ్లూ వెనకబడతాయి. అప్పుడు మధ్యలో ఉన్న అయస్కాంత గీతలు ఏమవుతాయి?"

కిటికీ బయట గట్టు మీద ఎవరో జనపనార తాడు పేనుతున్నారు. ఒకడు కొస పట్టుకున్నాడు, ఇంకొకడు తిప్పుతున్నాడు. నువ్వు అటే చూస్తూ అంటావు: "పురెక్కుతాయి."

"పురి మరీ ఎక్కువైతే?"

ఆ సంగతి తాడు పట్టుకున్న ఎవరికైనా తెలుసు. మెలి తిరిగి, ఉండచుట్టి, చేతిలోంచి పైకి లేస్తుంది. సూర్యుడి మీద కూడా ఆ మెలికలు పైతలాన్ని చీల్చుకుని తోరణాల్లా లేస్తాయి. తోరణం కాళ్లు నాటుకున్న చోట్లే మనం చూసే సూర్యుడి మచ్చలు. కింద పైతలం గంజిలా ఉడుకుతూ ఆ కాళ్లని అటూ ఇటూ తోస్తూనే ఉంటుంది. తోరణాలు ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. పట్టున తెగుతాయి. తెగిన కొసలు మరోచోట అతుక్కుంటాయి. పురిలో దాగిన బలమంతా ఆ క్షణంలో చుట్టూ ఉన్న వాయువులోకి దూకుతుంది. అది లక్షల డిగ్రీలకు కాగిపోతుంది. ఈ వేడిలో ఎంత భాగం ఈ తెగడం వల్ల, ఎంత భాగం ఆ తాళ్ల మీద పాకే అలల వల్ల అని శాస్త్రజ్ఞుల మధ్య వాదన తెగలేదు. వేడెక్కించేది అయస్కాంతమేనన్న దాంట్లో మాత్రం వాళ్లకి పేచీ లేదు.

మగ్రాహాట్. దేవులా. తాటిచెట్లు. ఎండ తెల్లగా, గట్టిగా ఉంది. ఒక్క మబ్బు లేదు.

డైమండ్ హార్బర్ గట్టు మీద తిరునాళ్లలా జనం. నది పడమరన ఉంది, అవతలి ఒడ్డు మసగ్గా ఆనీ ఆననట్టుంది. సూర్యుడు నది వైపు కాదు, నీ వెనక, తూర్పు దిక్కున. ఇది గుర్తుపెట్టుకో. కాసేపట్లో నువ్వు ఒక వైపే చూడగలవు.

జేబులోంచి అద్దాలు తీస్తావు. 10 ముందు, 5 వెనక. అంచులు వేళ్లతో బిగించి కళ్లకి పెట్టుకుంటావు. చీకటి. ఆ చీకట్లో చిన్న పచ్చటి బిళ్ల. బిళ్ల పై అంచున పంటిగాటంత సొట్ట.

మొదలైంది.

చుట్టూ శంఖాలు. నీళ్లలోకి దిగుతున్న ఆడవాళ్లు. రావిచెట్టు కింద నేల మీద అంచు కొరికిన వెయ్యి చిన్న బిళ్లలు కదులుతున్నాయి. ఆకుల మధ్య సందులు ఒక్కోటీ ఒక్కో సూర్యుడి బొమ్మ వేస్తున్నాయి. ఇంకా గంటకి పైగా ఉంది. మాస్టర్‌మొశాయ్ తెల్ల దుప్పటి నేల మీద పరిచి నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెడుతున్నాడు. నీకో సందేహం అడ్డు తగులుతోంది.

"లక్షల డిగ్రీలని ఎలా తెలిసింది? ఎవడు వెళ్లి కొలిచాడు?"

"నీది ఏ ఊరు?"

"మాది శ్రీకాకుళం వైపు."

"గుంటూరు తెలుసా?"

1868 ఆగస్టు 18. ఫ్రెంచివాడు జాన్సెన్ గుంటూరులో దిగి ఇలాంటి గ్రహణాన్నే చూశాడు. అంచున లేచిన ఎర్రటి మంటల వెలుగుని పట్టకంతో విడదీస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా దొరుకుతాయనుకుని మర్నాడు మామూలు ఎండలోనే పట్టుకున్నాడు. ఆ ఏటి గీతల్లో పసుపుపచ్చదాని వెనక ఉన్నది హీలియం అని తర్వాత తేలింది. తెలుగు నేల మీద జరిగిన ఈ సంగతి ఒక బెంగాలీ మాస్టారు నోట, హుగ్లీ గట్టు మీద వింటున్నావు. నాకైతే ఒళ్లు పులకరిస్తుంది. నీకు ఇప్పుడు అంత తీరిక లేదు, ఆయన చెబుతూనే ఉన్నాడు.

మరుసటి ఏడు అమెరికాలో గ్రహణం. ఈసారి మంటల్లో కాదు, వాటికీ పైన పరుచుకున్న తెల్లటి కిరీటంలో, అంటే కరోనాలో, ఒక ఆకుపచ్చ గీత. భూమ్మీద ఏ పదార్థమూ ఆ గీత ఇవ్వలేదు. కొత్త మూలకమనుకుని కరోనియం అని పేరు కూడా పెట్టేశారు. డెబ్బై ఏళ్లు అలాగే నడిచింది. మధ్యలో, 1920లో, కలకత్తాలో మేఘనాద్ సాహా ఒక సూత్రం రాశాడు: వేడి పెరిగితే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, ఎంత వేడికి ఎన్నో లెక్క కట్టవచ్చు. "మా సాహా" అనేటప్పుడు మాస్టారి గొంతు కాస్త పెరుగుతుంది. చివరికి 1940ల మొదట్లో స్వీడన్‌కి చెందిన ఎడ్లెన్ ఆ గీత గుట్టు విప్పాడు.

"ఏమిటది?"

"ఇనుము."

నువ్వు రోజూ సానపట్టే ఇనుమే. కాకపోతే ఉన్న 26 ఎలక్ట్రాన్లలో 13 ఊడిపోయిన ఇనుము. అన్ని ఊడాలంటే ఇరవై లక్షల డిగ్రీలకి దగ్గరగా వేడి కావాలి. కింద సూర్యుడి పైతలం చూస్తే 5,500 డిగ్రీలే. నీ బాబాయ్ పట్టే వెల్డింగు ఆర్క్ కూడా అంతకి తీసిపోదు. పొయ్యికి దూరం జరిగే కొద్దీ సెగ తగ్గాలి. అక్కడ పెరుగుతోంది.

మాట ఆగిపోయింది.

వెలుగు పాలిపోతోంది. సాయంత్రం లాగా కాదు. సాయంత్రం పచ్చబడుతుంది. ఇది రంగు పోగొట్టుకుంటోంది. నీ ముంజేతి వెంట్రుకల నీడలు గట్టు మీద పోగుపోగుగా విడివిడిగా పడుతున్నాయి. గాలి చల్లబడింది. కాకులు గుంపుగా రావిచెట్టు మీద వాలుతున్నాయి.

పక్కనే ఎనిమిదేళ్ల కుర్రాడు తలెత్తి నిలబడ్డాడు. కళ్లకి నల్లటి ఫిల్ము ముక్క. అందులో పక్కటెముకలు. వాళ్ల నాన్న ఛాతీ ఎక్స్‌రే. నీకు ఒక్కసారి గుండె జారుతుంది. ఊపిరితిత్తులున్న చోట ఫిల్ము నల్లగా ఉంది. ఎముకలున్న చోట తెల్లగా, ఇంచుమించు గాజులా ఉంది. వాడు ఎముకలోంచి చూస్తున్నాడు.

నొప్పి తెల్దు. పొద్దున్న లేచి సూస్తే.

ఫిల్ము లాగేస్తావు. వాడు ఏడుపు మొహం పెడతాడు. "దాదా!"

నీ దగ్గర ఉన్నది ఒక్క జత. ఇస్తే నువ్వు చూడలేవు. ఇవ్వకపోతే వాడు ఉత్తి కళ్లతో చూస్తాడు, ఆపేవాళ్లు ఎవరూ లేరు. ఏం చేస్తావు?

"అయిదు లెక్కపెట్టేదాకా నువ్వు. అయిదు లెక్కపెట్టేదాకా నేను. సరేనా?"

ఏక్, దుయి, తీన్, చార్, పాంచ్. అద్దం నీ చేతికి. పచ్చటి నెలవంక సగానికి సన్నబడింది. వాడి చేతికి. నీ చేతికి. గోటి కొసంత.

దుప్పటి మీద సన్నటి చారలు పాకుతున్నాయి, వాగు అడుగున ఎండ కదిలినట్టు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు.

ఎవరో నది వైపు చేయి చూపి అరిచారు.

చూడు. పడమటి ఆకాశం నల్లబడింది. నీడ నీళ్ల మీద వస్తోంది. రైలు కాదు. విమానం కాదు. వాటన్నిటికంటే జోరు. అవతలి ఒడ్డు మాయం. నడినది మాయం. అటే చూస్తుంటావా? వెనక్కి తిరుగుతావా?

తిరుగు.

అద్దంలో దారప్పోగు. తెగింది. ముక్కలు. ఒక్క చుక్క.

లేదు.

అద్దంలో ఏమీ లేదు. నల్లగా. తీయాలా? బాబాయ్ మాట. తీయాలా?

"ఎఖొన్!" మాస్టారి కేక. ఇప్పుడే.

తీశావు.

ఆకాశంలో నల్లటి రంధ్రం.

దాని చుట్టూ తెలుపు. మల్లెమొగ్గ తెలుపు. కదలదు. వెలగదు. ఉంది, అంతే. ఇంతసేపూ అక్కడే ఉంది.

కింది అంచున గులాబీ గీత. మరుక్షణం అదీ పోయింది.

రెండు రెక్కలు. ఒకటి ఏటవాలుగా పైకి. ఒకటి కిందికి. కింది రెక్క చూపిన దారిలో కాస్త దూరాన శుక్రుడు, పట్టపగలు. రెక్కలకి అడ్డంగా, రెండు ధ్రువాల దగ్గర పొట్టి గీతలు. చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి.

ఇది నీకు తెలుసు. ఎక్కడో చూశావు. లేత్ మిషన్ కింద ఇనప రజను. అయస్కాంతం దగ్గర పెడితే నిక్కబొడుచుకుంటుంది. ఇలాగే. అచ్చం ఇలాగే. ఒక నక్షత్రం అయస్కాంతాన్ని ఉత్తి కళ్లతో చూస్తున్నావు.

ఎంతసేపయింది? ఊపిరి తీసుకున్నావా?

కుక్కలు ఏడుస్తున్నాయి. శంఖాలు. ఎవరో ఏడుస్తున్నారు. నువ్వేనేమో.

పై అంచు తెల్లబడుతోంది.

ఇంకొక్క క్షణం ఉంది. చూడవచ్చు. కుర్రాడు? నోరు తెరిచి చూస్తున్నాడు. అద్దం నీ చేతిలో ఉంది. వాడి చేతిలో లేదు.

నీ కళ్లా? వాడి కళ్లా?

అరచేయి వాడి మొహం మీద పడుతుంది. నీ తల కిందికి వంగుతుంది. ఆ క్షణంలోనే నీ చేతి వెనక వైపు వెలుగు పగిలింది, ఎవరో ఆర్క్ ముట్టించినట్టు. గట్టంతా ఒక్కసారి హోరుమంది. ఉంగరం మీద వజ్రంలా ఉందని చుట్టూ అందరూ అంటున్నారు. నువ్వు చూసింది మాత్రం ఆ వెలుగులో తేలిన నీ వేళ్ల కీళ్లు.

కుర్రాడు నీ చేయి తోసేసి కళ్లు నులుముకుంటున్నాడు. "తెల్ల రెక్కలు ఎక్కడికి పోయాయి దాదా?"

ఎక్కడికీ పోలేదు. కరోనా వెలుగంతా కలిపినా సూర్యుడి వెలుగులో పదిలక్షల్లో ఒక వంతు, నిండు చంద్రుడి పాటి. సూర్యుడి అంచు కాస్త బయటపడ్డా అది మన కంటికి ఆనదు. నువ్వు ఇందాక చూసిన తెల్లదనం కూడా దాని సొంత వెలుగు కాదంటాడు మాస్టర్‌మొశాయ్, దుప్పటి దులుపుతూ. అక్కడి ఎలక్ట్రాన్ల మీద పడి చెదిరిన మామూలు సూర్యకాంతే.

"మరి దాని సొంత వెలుగు?"

ఆయన నీ చేతిలో మిగిలిపోయిన ఫిల్ము ముక్క వైపు చూపిస్తాడు. పక్కటెముకలు.

"ఇది."

స్మిథీ షాపులో చూస్తూనే ఉంటావు. ఇనుము కాగే కొద్దీ ఎర్రబడి, నారింజై, తెల్లబడుతుంది. తెలుపు దాటి, వేలు దాటి, లక్షల డిగ్రీలకు తీసుకుపోతే వెలుగు కంటికి అందని చోటికి వెళ్లిపోతుంది. ఆసుపత్రిలో ఎముకల్ని చూపించే వెలుగు అదే, ఎక్స్‌రే. కరోనా మెరిసేది దానితోనే. మరి మనం మాడిపోవడం లేదేం? మన నెత్తిన ఉన్న గాలి దాన్ని చాలా ఎత్తునే మింగేస్తుంది. అందుకే 1949లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ జట్టు, జర్మన్ల నుంచి పట్టుకున్న వి-2 రాకెట్ మీద పరికరాలు పెట్టి గాలి పైకి పంపింది. సూర్యుడి ఎక్స్‌రేలని అలా లెక్కపెట్టారు. ఇప్పుడు, నువ్వీ గట్టు మీద నిలబడి ఉండగానే, యోహ్‌కో అనే జపాన్ ఉపగ్రహం ఎక్స్‌రే కన్నుతో సూర్యుణ్ని చూస్తోంది. 1991 నుంచి ఇప్పటికి ఆ కంటికి సూర్యుడు దాదాపు నూరు రెట్లు మసకబారాడు. మామూలు ఎండలో మనకి తేడాయే తెలియలేదు. పదకొండేళ్ల చక్రంలో అయస్కాంతం సద్దుమణిగే కాలమిది. ఇందాకటి రెక్కలు అంత పొందిగ్గా రెండే ఉండటానికి కారణం కూడా ఇదే. మచ్చలు మెండుగా ఉన్న ఏడాదిలో చూస్తే కరోనా బంతిపువ్వులా అన్ని వైపులా విచ్చుకుని ఉండేది.

ఇంకో 28 ఏళ్లకి, 2023 సెప్టెంబరు 2న, శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్-1 లేస్తుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి సూర్యుడి ఎక్స్‌రేలని రేయింబవళ్లు లెక్కపెట్టే పరికరాలు రెండు అందులో ఉంటాయి. ఆ సంగతి ఇప్పుడు నీకు తెలియదు. అటుకుల పొట్లం విప్పి మాస్టారికీ కుర్రాడికీ పెడుతున్నావు.

తిరుగు బండిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నువ్వు మాత్రం డైనమో దగ్గరే ఆగిపోయావు.

"మాస్టర్‌మొశాయ్, బండి జోరుగా పోతే డైనమో ఎక్కువ కరెంటు ఇస్తుంది. మరి సూర్యుడి కంటే జోరుగా తిరిగే నక్షత్రాలు ఉండవా?"

ఆయన నీ భుజం తడతాడు. ఇదే ప్రశ్న పెద్ద పెద్ద వాళ్లూ అడిగారు. 1978లో ఐన్‌స్టయిన్ పేరుతో ఎక్స్‌రే టెలిస్కోపు అంతరిక్షంలోకి వెళ్లింది. అది చూసిన నక్షత్రాలని వరసపెట్టి, 1981లో పల్లవిచీనీ బృందం ఒక లెక్క తేల్చింది: రెండింతలు వేగంగా తిరిగే నక్షత్రం సుమారు నాలుగింతలు ఎక్స్‌రే ఇస్తుంది. దక్షిణాకాశంలో ఏబీ డొరాడస్ అనే కుర్ర నక్షత్రం ఉంది. సూర్యుడికి 25 రోజులు పట్టే చుట్టుని అది పన్నెండు గంటల్లో కొట్టేస్తుంది. దాని ఎక్స్‌రే సూర్యుడి కంటే వెయ్యి రెట్ల లెక్కన ఉంటుంది.

"అలా పెరుగుతూనే పోతుందా? మా డైనమోకి రెగ్యులేటర్ ఉంటుంది. ఒక వేగం దాటాక ఇంక పెరగనివ్వదు."

మాస్టారు కాసేపు మాట్లాడడు. "అక్కడా ఉంది," అంటాడు చివరికి. మరీ జోరుగా తిరిగే నక్షత్రాల్లో ఎక్స్‌రే ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. మొత్తం వెలుగులో వెయ్యో వంతు. దాన్ని దాటదు. ఎందుకు ఆగుతుందన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన మీలో ఎవరు గురువో మరిచిపోయినవాడిలా నీ రెగ్యులేటర్ గురించి ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాడు.

"ఇవాళ తెల్లారగట్ట కృత్తికలు చూశావా?"

"చూశాను. పిల్లల కోడి."

"అవి పిల్లలే. పుట్టి పది కోట్ల ఏళ్లు దాటింది, అంతే. మన సూర్యుడికి 460 కోట్లు. వాటిలో సూర్యుడి లాంటివి కొన్ని ఒక్క రోజు తిరక్కుండానే చుట్టు పూర్తి చేస్తాయి. ఎక్స్‌రే కంటితో చూస్తే ఆ గుంపంతా నిప్పుకణికల్లా ఉంటుంది." మన సూర్యుడూ ఆ వయసులో అలాగే ఉండేవాడు. అప్పట్లో వాడి ఎక్స్‌రే ఇప్పటిదానికి కొన్ని వందల రెట్లు. మరి ఎవరు నెమ్మది చేశారు? ఆ అయస్కాంతమే. సూర్యుడి నుంచి వాయువు గాలిలా బయటికి వీస్తూనే ఉంటుంది. అయస్కాంత గీతలు ఆ గాలిని చాలా దూరం పట్టుకుని తిప్పుతాయి. పోతూ పోతూ అది తిరుగుడులో కాస్త పట్టుకుపోతుంది. తిరగడం వల్ల పుట్టిన అయస్కాంతం తిరుగుడికే బ్రేకు వేస్తుంది. వయసు పెరిగే కొద్దీ నక్షత్రాల వేగం ఏ లెక్కన తగ్గుతుందో 1972లో స్కూమానిచ్ చెప్పాడు. చక్రం మీద బ్రేకు కట్ట ఒరుసుకునే చప్పుడు నీ చెవిలో వినబడుతుంది. నిజంగానే, బండి సోనార్‌పూర్‌లో ఆగుతోంది.

మర్నాడు సాయంత్రం. షాపు నుంచి వస్తూ కాగితం పొట్లంలో లేత్ కింది ఇనప రజను తెచ్చావు. పాడైన మీటరులోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క జేబులో ఉంది. నాయనమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. ముందుగా నీ గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పి రెండు కళ్లూ పరీక్షగా చూస్తుంది. వేళ్లెన్నో చెప్పమంటుంది. చెబుతావు.

"ఏటి సూసినావురా, అంత దూరం ఎల్లి?"

చెప్పడం నీ వల్ల కాదు. అయస్కాంతం నేల మీద పెట్టి, దాని మీద అట్టముక్క వేసి, రజను చల్లుతావు. పోగులు లేచి నిలబడతాయి. రెండు కొసల దగ్గర చీపురు పుల్లలు. మధ్యలో తోరణాలు. అక్క కూడా గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని వంగి చూస్తోంది.

"ఇదేటి? ఇలగుందా?"

"ఇలాగే ఉంది. తెల్లగా."

నాయనమ్మ చూపుడువేలితో అట్ట అంచు మీద తడుతుంది. తోరణాలు చెదిరి, కూలి, అంతలోనే వేరే చోట వేరే జతలుగా కలుసుకుంటాయి. ఆవిడ మళ్లీ తడుతుంది.